తండ్రి గొంతు

వాత్సల్యమనే మాట వినగానే మన మనస్సులో మెదిలే మూర్తి యశోద. నందుడు మెదలడు. బాలకృష్ణుణ్ణి రోటికి కట్టినది యశోద. ఆ పసివాని నోటిలో బ్రహ్మాండాన్ని చూసి విస్తుపోయినదీ యశోదే. పూతన వ్రేపల్లెకు వచ్చిన నాడు నందుడు కంసునికి పన్ను చెల్లించటానికి మధురకు వెళ్లి ఉన్నాడు. ఇంతవరకు అందరమూ ఎరిగినదే. కాని, మద్దిచెట్లు కూలిన చప్పుడు విని వచ్చి, రోలు ఈడ్చుకొంటున్న కొడుకును చూసి నవ్వుతూ ఆ తాడు విప్పినవాడు నందుడని భాగవతం చెబుతున్న సంగతి ఎందరికి జ్ఞాపకమున్నది? కట్టిన చెయ్యి పాటల కెక్కినది. విప్పిన చెయ్యిని మనం మరచిపోయినాము.

ఈ చిన్న విషయం కొంతకాలంగా నన్ను వేధిస్తున్నది. పసిబిడ్డకు తండ్రి దగ్గర కావటమూ దూరం కావటమూ దేనిని బట్టి జరుగుతున్నది? "అది స్వభావం, తల్లిది మెత్తని మనస్సు, తండ్రిది గట్టి మనస్సు" అని లోకం చెప్పే సమాధానం మన విమర్శలో కూడా చాలాకాలం చెల్లినది. కథలో తండ్రి కఠినుడైతే పాత్రపోషణ సహజంగా ఉన్నదని మెచ్చుకొన్నాము. మెత్తనివాడైతే రచయితది కవిహృదయమన్నాము. కాని అనువాదకునికి ఒక సదుపాయం ఉన్నది. విమర్శకుడు దాటిపోయే వాక్యం దగ్గర అనువాదకుడు ఆగి తీరవలె. అట్లా ఆగి చూసినప్పుడు, మన దేశభాషల ఉత్తమరచనలు స్వభావవాదాన్ని బలపరచటం లేదని నాకు తోచినది. తండ్రికీ బిడ్డకూ నడుమ ఉన్న దూరాన్ని అవి మూడు కొలతలతో కొలుస్తున్నవి. తండ్రి చేసే పని మొదటిది. ఆ ఇంటి మర్యాద రెండవది. ప్రేమను చెప్పుకొనటానికి ఆ తండ్రికి అందిన భాష మూడవది. ఈ మూడింటిలో సాహిత్యకారుల చేతిలో ఉన్నది చివరిది గనుక ముందుగా దానిని గురించి చెబుతాను.

అభిజ్ఞానశాకుంతలంలో సప్తమాంకం తెలియనివారు లేరు. మారీచాశ్రమంలో సింహపుపిల్ల నోరు తెరచి పళ్లు లెక్కపెట్టబోయే బాలుణ్ణి చూసి, అతడు ఎవరో తెలియకుండానే దుష్యంతుని మనస్సు కరుగుతుంది. బిడ్డల ఒంటి దుమ్ముతో తమ ఒళ్లు మురికి చేసుకొనే తండ్రులది భాగ్యమని ఆ రాజు అనుకొంటాడు. పితృవాత్సల్యాన్ని ఇంత స్పష్టంగా పురుషుని నోట పలికించిన ఘట్టాలు ప్రాచీనసాహిత్యంలో ఎక్కువ లేవు. ఐతే ఆ మాట పలుకుతున్నది ఎవరు? బిడ్డ పుట్టినప్పుడు లేనివాడు, ఉగ్గుపాలనాడు లేనివాడు, తొలి అడుగునాడు లేనివాడు. భవభూతి రాముడు కూడా కుశలవులను చూడటం పన్నెండేళ్లు గడచిన తరువాతనే. మన నాటకంలో తండ్రికి వాత్సల్యం పలికే అధికారం బిడ్డను పోగొట్టుకొని తిరిగి పొందినప్పుడు వచ్చినది. రోజూ ఇంట్లో ఉండి రోజూ బిడ్డను ఎత్తుకొనే తండ్రికి శ్లోకం దొరకలేదు.

ఈ సందర్భంలో మన తెలుగువారికి ఆత్మీయుడైన ఒక తండ్రిని తలచుకొనవలె. ఆయన విష్ణుచిత్తుడు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ద్వారా మనకు చుట్టమైన ఈ విల్లిపుత్తూరు భక్తుడు తమిళులకు పెరియాళ్వారు. తులసివనంలో దొరికిన ఆడశిశువును కన్నకూతురుగా పెంచినవాడు. కాని ఆయన తమిళంలో శిశుకృష్ణుని ఉయ్యాల ఊపినప్పుడు, స్నానానికి పిలిచినప్పుడు, చందమామను రమ్మన్నప్పుడు, ఆ గొంతు యశోదది. తరువాత తమిళంలో పిళ్లైత్తమిళ్ అనే ప్రక్రియగా పెరిగిన సంప్రదాయానికి మూలం అక్కడ ఉన్నది. అంతే కాదు. ఏకైక పుత్రికను విష్ణువు తీసికొనిపోయినాడని వాపోయే పాశురాలలో కొందరు ఆండాళును పోగొట్టుకొన్న ఆ తండ్రి వేదననే వింటారు. అక్కడ కూడా మాట్లాడుతున్నది తల్లి! స్వయంగా బిడ్డను పెంచిన పురుషుడు, మహాకవి, తన అనుభవాన్ని చెప్పుకొనటానికి ఆడగొంతు అరువు తెచ్చుకొనవలసి వచ్చినది. భక్తిసంప్రదాయంలో ఇది ఒక గొప్ప సాధనమని నేనూ ఒప్పుకొంటాను. సూరదాసుకు యశోద ఇచ్చిన వరం సామాన్యమైనది కాదు. కాని సాధనంగా మొదలైనది కాలక్రమాన ఏకైక మార్గమైపోయినది.

ఆధునికయుగంలో కూడా ఆ మార్గం వదలలేదనటానికి రవీంద్రుని 'శిశు' సంపుటం నిదర్శనం. ఆ గీతాలకు జన్మనిచ్చిన పరిస్థితి దుర్భరమైనది. 1902 నవంబరులో భార్య మృణాళినీదేవి మరణించినది. మరుసటి సంవత్సరం రెండవ కుమార్తె రేణుకకు క్షయ ముదిరితే ఆమెను అల్మోరా కొండలకు తీసికొనిపోయినాడు. ఆ గీతాలలో అనేకం అక్కడ వ్రాసినవే. ఆ సంవత్సరమే రేణుక పోయినది. చిన్నకొడుకు శమీంద్రుడు తల్లి లేని పసివాడు. అతడూ 1907లో పోయినాడు. రోగశయ్యపక్కన కూర్చున్నది తండ్రి. మందు తాగించినది తండ్రి. కాని ఆ గీతాలలో అత్యధికం శిశువు తల్లితో చెప్పే మాటలు, తల్లి శిశువుకు చెప్పే మాటలు. కవి తన పిల్లలకు లేని తల్లిని కవిత్వంలో కల్పించి ఇచ్చినాడని దీనిని వ్యాఖ్యానించవచ్చు; ఆ వ్యాఖ్య సత్యమే. దానితోపాటు మరొకటీ సత్యం. ఆ గదిలో నిజంగా ఉన్న మనిషి, జ్వరం చూసే చెయ్యి ఉన్న ఆ నలభైరెండేళ్ల పురుషుడు, ఆ సంపుటంలో దాదాపు అదృశ్యుడు.

తెలుగు భాషలో ఈ ముడి ఎక్కడ ఉన్నదో మన ఇళ్లలోని పిలుపులే చెబుతవి. పసివాణ్ణి లాలించేటప్పుడు "నా తండ్రే", "నా నాయనే" అంటాము. ఆడపిల్లను "అమ్మా", "తల్లీ" అంటాము. తండ్రి పేరుతోనే బిడ్డను పిలవటం మన భాషకున్న గొప్ప చమత్కారం. కాని "నా తండ్రే" అనే మాట తరచుగా ఎవరి నోట విన్నాము? అమ్మ నోట, అమ్మమ్మ నోట, నాయనమ్మ నోట. తండ్రి నోట ఎక్కువగా విన్నది "ఏరా, చదివినావా?" అన్న ప్రశ్న. మాట లేదంటే మమత లేదని కాదు. ఐతే మాట లేని మమతను బిడ్డ ఎట్లా గుర్తుపట్టవలె? పెద్దవాడై, తండ్రి పోయిన తరువాత, పెట్టె తెరిచి పాత కాగితాలు చూసి గుర్తుపట్టవలె. మన ఆత్మకథలలో సగం ఆ పెట్టెలు తెరవటంతోనే సరిపోతున్నవి.

ఇక పని సంగతి. ఈ విషయంలో 'కాబూలీవాలా' కథను మించిన పాఠం మనకు లేదు. 1892లో వెలువడిన ఆ కథను స్నేహానికీ మానవతకూ ఉదాహరణగా చదివి చదివి, అందులో ఇద్దరు తండ్రుల జీవనోపాధి ఎంత నిక్కచ్చిగా లెక్కకట్టబడి ఉన్నదో మనం గమనించటం మానివేసినాము. మినీ తండ్రి రచయిత. ఇంట్లో కూర్చుని నవల పదిహేడవ ప్రకరణం వ్రాస్తూ ఉంటే ఐదేళ్ల మినీ వచ్చి బల్లపక్కన చేరి కబుర్లు చెబుతుంది. అతడు గొప్ప తండ్రి అయినందువల్ల కాదు, అతని బల్ల ఇంట్లో ఉన్నందువల్ల బిడ్డ దగ్గరగా ఉన్నది. రహమతు బల్ల లేనివాడు. అతని కూతురు అఫ్గన్ కొండలలో ఉన్నది, అతని ద్రాక్షపండ్ల బుట్ట కలకత్తా వీధులలో ఉన్నది. కథ చివర అతడు చొక్కా లోపలనుండి తీసిన నలిగిన కాగితంమీద ఉన్నది చిత్తరువు కాదు. మసి పూసి అద్దిన చిన్న చెయ్యి ముద్ర. ఏటేటా ఆ ముద్రను గుండెకు ఆనించుకొని అప్పులు వసూలు చేసుకొంటూ తిరిగినాడు.

ఆ ముద్రను చూసిన క్షణంలో మినీ తండ్రికి కలిగిన గ్రహింపును అందరూ పొగడుతారు. నేను అనువదిస్తూ ఆగినది దాని తరువాతి పని దగ్గర. అతడు రహమతుకు ప్రయాణానికి డబ్బు ఇస్తాడు. దానికై కూతురి పెళ్లిలో విద్యుద్దీపాలూ బ్యాండుమేళమూ తగ్గించుకొనవలసి వస్తుంది. రవీంద్రుడు జాలితో కథ ముగించలేదు. ఒక తండ్రిని బిడ్డ దగ్గరకు చేర్చటానికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎవరు భరించవలెనో చెప్పి ముగించినాడు. తండ్రి సాన్నిధ్యానికి ఒక వెల ఉన్నదని, అది కొందరికి పుట్టుకతోనే చెల్లించబడి ఉంటుందని, మరికొందరికి ఎన్నటికీ చెల్లదని ఆ కథ చెబుతున్నది.

విభూతిభూషణుని 'పథేర్ పాంచాలీ' లో హరిహరుడు కూడా రహమతు వంటివాడే. పురోహితుడు, పాటలూ నాటకాలూ వ్రాయవలెననే కోరిక గలవాడు. పనికై ఊళ్లు తిరుగుతూ ఉంటాడు. ఇంటికి తిరిగి వచ్చిన నాడు మూట విప్పి ఒక్కొక్క వస్తువే చూపిస్తూ దుర్గకై తెచ్చిన చీర తీస్తాడు. దుర్గ అప్పటికే చనిపోయి ఉన్నది. 1929లో పుస్తకంగా వచ్చిన ఆ నవల చదివి హరిహరుణ్ణి బాధ్యత లేనివాడన్నవారున్నారు. కాని ఆ చీరను చూడండి. దానిని కొన్న నిమిషంలో అతని కళ్లముందు కూతురి ఎత్తు, ఆమె ఒంటి రంగు, ఆమె సంతోషం ఉండి ఉండవలె. శ్రద్ధకు లోటు లేదు. లోటు వచ్చినది కాలానికి. సంపాదించటానికి వెళ్లిన కాలమే బిడ్డతో ఉండవలసిన కాలమయినది.

అదే తండ్రికి కొడుకైన అపూ 'అపరాజితో' లో తానూ తండ్రి అవుతాడు. ప్రసవంలో భార్య పోయినందున పుట్టిన కాజల్‌ను చూడటానికే మనస్సు ఒప్పక, మామగారింట వదలి ఏళ్ల తరబడి తిరుగుతాడు. సత్యజిత్ రాయ్ 1959లో తీసిన 'అపుర్ సంసార్' కొడుకును భుజాలమీద ఎక్కించుకొన్న అపూతో ముగుస్తుంది. ప్రేక్షకుల కళ్లు చెమర్చిన ఆ ముగింపు నవలలో లేదు. నవలలో అపూ కొడుకును తెచ్చుకొని కొంతకాలం పెంచి, చివరకు నిశ్చిందిపురంలో చిన్ననాట ఎరిగిన రాణు దగ్గర ఉంచి మళ్లీ దూరదేశాలకు బయలుదేరుతాడు. దర్శకుని ముగింపు మన కోరిక. నవలాకారుని ముగింపు మన అనుభవం. రెండింటినీ పక్కపక్కన ఉంచి చదవటం మేలు. తండ్రి దగ్గర పెరగని కొడుకు తండ్రిగా ఉండటం ఎట్లా నేర్చుకొంటాడన్న ప్రశ్న ఆ నవలలో మాత్రమే మిగిలి ఉన్నది.

ఇంట్లో ఉన్న తండ్రికి కూడా పని అడ్డు వస్తుంది. రాజేందర్ సింగ్ బేదీ ఉర్దూ కథ 'గరం కోట్' లో గుమాస్తా రోజూ ఇంటికి వచ్చేవాడే. పిల్లల చిన్నచిన్న కోరికలన్నీ అతనికి కంఠస్థం. కాని ఒకే ఒక్క పది రూపాయల నోటు తన కోటుకా, భార్య కోరికకా, పిల్లల బొమ్మలకా అని మనస్సులో పంచుకొంటూ ఉన్నప్పుడు అతని పితృత్వమంతా జమాఖర్చుగా మారిపోతుంది. ఆ నోటు చిరుగులోనుండి కోటు లోపలిగుడ్డలోకి జారిపోతుంది. పిల్లలతో కూర్చున్న సాయంకాలం కూడా అతని మనస్సు ఆ చిరుగులోనే ఉంటుంది. పేదరికం తండ్రిని ఇంటినుండి దూరం చేయటం మనకు తెలుసు. ఇంట్లో ఉంచి కూడా దూరం చేయగలదని బేదీ చూపించినాడు.

రెండవది ఇంటి మర్యాద. దీనిని గురించి పుస్తకాలకన్న ముందు మా ఇంటిని గురించి చెప్పుకొనవలె. మా చిన్నప్పుడు తాతగారు వాకిట్లో పడకకుర్చీలో కూర్చున్నంతసేపూ నాన్నగారు మా తమ్ముణ్ణి ఎత్తుకొనగా నేను చూడలేదు. కన్నతండ్రి ఎదుట కన్నకొడుకును ముద్దు చేయటం సిగ్గుమాలిన పని అని ఆ తరంవారి అభిప్రాయం. వాడు ఏడిస్తే నాన్నగారు "ఎవరే, వీణ్ణి తీసికొని వెళ్లండి" అనేవారు. తాతగారు నిద్రపోయిన తరువాత పెరటి అరుగుమీద వాణ్ణి పొట్టమీద పడుకోబెట్టుకొని ఏదో సన్నగా పాడేవారు. ఆ పాట ఏదో నాకు ఈనాటికీ తెలియదు. పగలంతా తమ్ముణ్ణి భుజాన వేసుకొని తిరిగినవారు మాత్రం తాతగారే! తన కొడుకులను ఎత్తుకొనని ఆ మనిషి మనుమణ్ణి దించేవారు కాదు. ఉమ్మడి కుటుంబం పురుషుని లాలనను రద్దు చేయలేదు, ఒక తరం వాయిదా వేసినది. మన కథలలో ఇంతమంది మంచి తాతలు, ఇంతమంది మౌనులైన తండ్రులు ఎందుకున్నారో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఈ మర్యాద సడలితే ఏమవుతుందో తెలిసికొనటానికి గాంధీజీ ఆత్మకథకన్న మంచి సాక్ష్యం లేదు. ఒకే మనిషి, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు హరిలాలు 1888లో పుట్టినప్పుడు తండ్రికి పందొమ్మిదేళ్లు నిండలేదు. ఉన్నది ఉమ్మడి ఇల్లు. ఆ సెప్టెంబరులోనే బారిస్టరు చదువుకై ఓడ ఎక్కినారు; 1891లో తిరిగి వచ్చినారు. ఆ నడుమ పిల్లవాని మాటా నడకా తండ్రి చూడనివి. చిన్నవాడు దేవదాసు 1900లో దర్బానులో పుట్టినాడు. నొప్పులు హఠాత్తుగా వచ్చినవి. వైద్యుడు వెంటనే దొరకలేదు. మంత్రసాని రావటం ఆలస్యమయినది. పురుడు పోసినది తండ్రి. పసిపిల్లల పోషణ కూడా తానే చేసినట్లు, ఆయా సాయం ముఖ్యంగా భార్యకే ఉపయోగించినట్లు ఆయన వ్రాసుకొన్నారు.

ఈ పన్నెండేళ్లలో ఆ హృదయం మారిందనటంకన్న ఆ ఇల్లు మారిందనటం యుక్తం. దర్బానులో పెద్దల కుర్చీ వాకిట్లో లేదు. బిడ్డను అందుకొనటానికి అత్తలూ వదినలూ లేరు. వృత్తి ఆయన అదుపులో ఉన్నది. రోగులకు ఉపచారం చేయాలనే తపన అప్పటికే పట్టుకొన్నది. మరొకటి ఉన్నది, అది సాహిత్యకారులకు ముఖ్యం. ఆయన ధైర్యం ఒక పుస్తకంనుండి వచ్చినది. డాక్టరు త్రిభువన్‌దాస్ గుజరాతీలో వ్రాసిన ఆ పుస్తకం పేరు 'మానే శిఖామణ్', అనగా తల్లికి హితోపదేశం. తండ్రికి హితోపదేశం చేసే పుస్తకం లేదు గనుక తల్లుల పుస్తకం చదివినారు. విష్ణుచిత్తుడు యశోద గొంతు అరువు తెచ్చుకొన్నట్లే ఇదీ. ఐనా ఆ గ్రంథంలోనే, పిల్లల చదువుకు రోజూ ఒక గంట క్రమంగా ఇవ్వలేకపోయినందుకు కొడుకులకు తనపై ఫిర్యాదు ఉన్నదని ఆయన దాచకుండా చెప్పినారు. ఆఫీసుకు పోయి వచ్చే ఐదు మైళ్ల నడకలో వాళ్లకు చెప్పిన పాఠాలతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. పురుడు పోసిన చేతులకు కూడా తరువాత తీరిక దొరకలేదు. ఒకసారి దగ్గరైనవాడు ఎల్లప్పుడూ దగ్గరగా ఉంటాడనటానికి వీలు లేదు. సాన్నిధ్యాన్ని ఏ రోజుకారోజు సంపాదించుకొనవలె.

తండ్రి తన గొంతుతోనే మాట్లాడిన కావ్యం మన ఆధునికసాహిత్యంలో ఏదని అడిగితే నేను నిరాలా 'సరోజ్ స్మృతి' పేరు చెబుతాను. 1935లో పద్దెనిమిదేళ్ల కూతురు మరణించిన తరువాత వ్రాసిన హిందీ విలాపకావ్యం అది. భార్య 1918 నాటి విషజ్వరాలలో పోయినది. ఏడాది దాటిన పసిపిల్లను అమ్మమ్మ పెంచినది. కవి ఊళ్లు తిరిగినాడు, కవితలు పంపినాడు, సంపాదకులు తిప్పి పంపినారు. తాను పనికిమాలిన తండ్రినని ఆయన ఒప్పుకొనే చోట తెలుగు మాట దొరకక నేను చాలా రోజులు తంటాలు పడినాను. 'వ్యర్థుడు' అంటే శాస్త్రీయంగా ఉన్నది. 'చేతకానివాడు' అంటే నిష్ఠురంగా ఉన్నది. చివరకు తెలిసినదేమంటే, ఆయన అంటున్నది స్వభావాన్ని గురించి కాదు, సంపాదనను గురించి. డబ్బు వచ్చే దారి తెలిసి కూడా పోలేకపోయినానని అదే చోట చెబుతున్నాడు.

ఆ కావ్యంలో నాకు అన్నిటికన్న విలువైనవి శోకఖండాలు కావు. తన జాతకంలో రెండవ వివాహం వ్రాసి ఉంటే, ఆ జాతకాన్ని ఆడుకొనటానికి పాపకు ఇచ్చి ఆమె ముక్కముక్కలు చేస్తుంటే చూసిన తండ్రి అందులో ఉన్నాడు. అన్న కొట్టితే ఏడుస్తున్న పిల్లను బుజ్జగించి గంగ ఒడ్డుకు తీసికొనిపోయిన తండ్రి ఉన్నాడు. పెళ్లినాడు తల్లి చెప్పవలసిన మాటలు తానే చెప్పి, పూలపాన్పు తానే అమర్చిన తండ్రి ఉన్నాడు. ఆ ఘడియలో ఆయనకు శకుంతల గుర్తుకు వచ్చినది. కాని కణ్వునికి ఉన్న ఆశ్రమం ఇతనికి లేదు. తల్లి పని చేస్తూ కూడా తల్లి గొంతు అరువు తెచ్చుకొనకపోవటంలో ఈ కావ్యం ఘనత ఉన్నది. దుఃఖమేమంటే, ఈ గొంతు పెగలటానికి కూడా బిడ్డ చనిపోవలసి వచ్చినది.

ఇంతవరకు చెప్పినవారందరికీ పేదరికం ఉండవచ్చు గాని బిడ్డను తన బిడ్డగా ఊరిముందు నిలబెట్టుకొనే హక్కు ఉన్నది. ఆ హక్కే లేనివారి సంగతి వేరు. ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ 'జూఠన్' 1997లో వెలువడినది. తండ్రి ఎందరినో బతిమాలి కొడుకును బడిలో వేసినాడు. ప్రధానోపాధ్యాయుడు ఆ పిల్లవాని చేత రోజుల తరబడి బడి ఆవరణ ఊడ్పించినాడు. అటుగా పోతున్న తండ్రి అది చూసి, వాని చేతిలోని చీపురు లాగి పారవేసి, ఉపాధ్యాయుణ్ణి నిలదీసినాడు. ఆ తండ్రి బిడ్డను ముద్దాడినాడా, కథలు చెప్పినాడా అన్న ప్రశ్నలు ఇక్కడ చిన్నవైపోతవి. పారవేసిన చీపురే అతని లాలిపాట. కొడుకుకు జీవితాంతం జ్ఞాపకమున్నది అదే.

దానికి ఎదురుగా మన తెలుగులో కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఉన్నది. తరాలను తినే అప్పుకు తన కొడుకు కూడా బానిస కాకూడదని సీతారాముడు ఆ పసివాణ్ణి చంపి ఊరివారిముందు పెడతాడు. 1960లలో వచ్చిన ఆ కథ ముగింపుపై వాదోపవాదాలు చాలా జరిగినవి. అది సంభావ్యమా అసంభావ్యమా అని. నాకు తోచినది ఇంతే: చీపురు పారవేయగలిగిన తండ్రికి ఎదురుగా బడి అనే ద్వారం ఒకటి ఉన్నది. సీతారామునికి ఏ ద్వారమూ కనబడలేదు. ప్రేమ అదే. దానికి దొరికిన మార్గం వేరు. 'యజ్ఞం' చదివిన తరువాత తండ్రుల స్వభావాన్ని గురించి మాట్లాడటానికి విమర్శకుడు సిగ్గుపడవలె.

ఇప్పటి మాట ఏమిటి? ఉమ్మడి ఇళ్లు చాలవరకు విడిపోయినవి. పడకకుర్చీ అడ్డు తొలగినది. కేంద్రప్రభుత్వోద్యోగి ఐన తండ్రికి బిడ్డ పుట్టినప్పుడు 15 రోజుల సెలవు చట్టబద్ధంగా ఉన్నది. ఇవి చిన్న విషయాలు కావు. కాని రహమతు ప్రయాణం ఆగలేదు, దిక్కు మాత్రం మారినది. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతాలనుండి గల్ఫు దేశాలకు పోయిన తండ్రులు బిడ్డ తొలిమాటను ఫోనులో వింటున్నారు, తొలి అడుగును ఫోను అద్దంలో చూస్తున్నారు. మసి చేతిముద్రకన్న ఇది మేలే. ఐతే ఆ అద్దంలో కనబడే మనిషిని ఆ పసిబిడ్డ ఏమని ఎరుగుతుంది? సెలవుకు ఇంటికి వచ్చిన నాడు కొత్తవాణ్ణి చూసినట్లు తల్లి కొంగుచాటుకు పోయే బిడ్డముందు ఆ తండ్రి ఏ భాష మాట్లాడవలె? ఇది ఒక మహాకథకు చాలిన వస్తువు. తెలుగులో దీనిని తల్లి దుఃఖంగా, భార్య నిరీక్షణగా వ్రాయటానికి మనకు అలవాటున్నది. తండ్రి వైపునుండి వ్రాయటానికి కావలసిన వాక్యం ఇంకా తయారు కాలేదు.

తండ్రి చేసే పనిని మార్చటం రచయితల చేతిలో లేదు. ఇంటి మర్యాదలు మార్చటం కొంతవరకే ఉన్నది. భాష మాత్రం మన బాధ్యత. దుష్యంతునికి ఆలస్యంగా వచ్చిన శ్లోకాన్ని, నిరాలాకు మరణం ఇచ్చిన గొంతును, బిడ్డ ఉయ్యాలలో ఉండగానే తండ్రికి అందించటం మన పని. తల్లి పాత్రను తగ్గించమని నేను అనటం లేదు. యశోదను తోసి నందుణ్ణి కూర్చోబెట్టమనీ అనటం లేదు. తాడు విప్పిన చేతికి కూడా ఒక పద్యం ఉండవలెనంటున్నాను.

ఒక మాట నన్ను గురించి చెప్పి ముగిస్తాను. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు నేను గది తలుపు వేసికొని అనువాదాలు చేసేవాణ్ణి. తలుపు అవతల ఉన్నది నా కూతురు. తలుపు ఇవతల నేను మినీ కబుర్లకు తెలుగు వెదుకుతున్నాను. ఆ అనువాదం బాగున్నదని పెద్దలు మెచ్చుకొన్నారు. మినీ తండ్రి బల్లకు తలుపు లేదన్న సంగతి మాత్రం నేను చాలా ఆలస్యంగా గమనించినాను.